రిబ్బను చూసి దేశం చెప్పడం

ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో పనిచేసినవారికి ఇచ్చే పతకం ఒకటి ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. 35 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న కంచు బిళ్ళ. ముందువైపు ఆలివ్ కొమ్మల నడుమ ప్రపంచ పటం, దాని పైన ‘యు.ఎన్.’ అనే రెండు ఇంగ్లిషు అక్షరాలు. వెనక్కి తిప్పితే, శాంతి సేవలో అని అర్థం వచ్చే ఇంగ్లిషు మాటలు. ఇంకేమీ లేదు. ఎవరికి ఇచ్చారో లేదు, ఏ సంవత్సరమో లేదు, ఏ దేశంలో చేసిన సేవకో లేదు. కాంగోకి వెళ్లొచ్చిన సిపాయికీ, సైప్రస్‌కి వెళ్లొచ్చిన అధికారికీ, లైబీరియాలో పనిచేసిన మహిళా పోలీసుకీ ఇచ్చింది ఇదే బిళ్ళ. తేడా అంతా దాన్ని వేలాడదీసిన గుడ్డముక్కలో, అంటే రిబ్బనులో ఉంటుంది.

అందుకే ఈ పతకాలు సేకరించేవాళ్లం లోహం కన్నా ముందు రిబ్బను చూస్తాం. నాణేలు సేకరించేవారికి ఇది వింతగా తోస్తుంది. వాళ్ల దగ్గర రాజు పేరు, టంకసాల గుర్తు, సంవత్సరం అన్నీ లోహం మీదే ఉంటాయి. మాకు దొరికే ఆధారం రంగుల గీతలు, ఆ తర్వాత కాగితం. ఈ రెండూ పోతే మిగిలేది తూకానికి అమ్ముకునే కంచు. ఈ పదిహేను నిమిషాల్లో మీతో చెప్పాలనుకున్నది ముఖ్యంగా దీని గురించే. మన ఇళ్లలో, ట్రంకుపెట్టెల అడుగున ఉన్న ఈ పతకాల నుంచి రిబ్బను, కాగితం విడిపోకుండా చూసుకోవాలి.

ముందు రంగుల సంగతి. 1956లో సూయజ్ కాలువ గొడవ తర్వాత సినాయ్ ఎడారికీ, గాజాకీ వెళ్లిన సమితి దళం రిబ్బను ఇసుక రంగులో ఉంటుంది. నడుమ సమితివారి లేత నీలం పట్టీ. అటొకటి, ఇటొకటి రెండు సన్నని గీతలు. ముదురు నీలం గీత సూయజ్ కాలువకు గుర్తు, ఆకుపచ్చ గీత నైలు నది లోయకు. అంగుళంన్నర కూడా లేని గుడ్డలో ఎడారి, కాలువ, నది, మధ్యలో సమితి జెండా రంగు, అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి. ఆ రిబ్బను గీసినవారెవరో గానీ దేశపటం చదవడం బాగా తెలిసినవారు.

కాంగోది వేరు. రెండు అంచులూ లేత నీలం, నడుమ వెడల్పాటి ఆకుపచ్చ, ఆ పచ్చకు రెండు పక్కలా సన్నని తెల్లగీతలు. ఆ పచ్చ కాంగో నదీ పరీవాహక ప్రాంతానికి గుర్తు. అప్పుడే స్వాతంత్ర్యం వచ్చిన దేశం మీద పెట్టుకున్న ఆశకు కూడా అదే గుర్తని చెబుతారు. 1992, 93లలో కంబోడియాలో ఎన్నికలు జరిపించిన దళం రిబ్బనులోనూ ఆకుపచ్చ ఉంది, కానీ అది వరి పొలాల పచ్చ. దాని కథ చెబితే గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మిత్రులకు వెంటనే అభిమానం కలుగుతుంది. సోమాలియాది మళ్లీ ఎడారి ఇసుక, నడుమ నీలం, ఆ రెంటినీ కలుపుతూ సన్నటి పచ్చగీతలు.

మన గడ్డ మీద చేసిన సేవకు సమితి ఇచ్చే పతకం కూడా ఒకటుంది. దాన్ని మనవాళ్లు పొందే అవకాశం మాత్రం లేదు. కశ్మీర్‌లో కాల్పుల విరమణను గమనించడానికి 1949 నుంచి సమితి పరిశీలకులు ఉంటున్నారు. వాళ్లంతా వేరే దేశాల సైనికాధికారులు. వాళ్ల రిబ్బనులో హిమాలయాల మంచు తెలుపు, లోయ పచ్చదనం, సమితి నీలం కనిపిస్తాయి. స్వీడన్‌లోనో చిలీలోనో ఒక విశ్రాంత అధికారి ఇంట్లో మన కొండల రంగు గుడ్డముక్క ఉండటం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఇంకో గుర్తు ఉంది, చాలామంది గమనించరు. రిబ్బను మీద చిన్న లోహపు అంకె. అదే దళంలో రెండోసారి పూర్తికాలం పనిచేసినవారికి మళ్లీ పతకం ఇవ్వరు, 2 అనే అంకె ఇస్తారు. సాధారణంగా 90 రోజులు పనిచేస్తే పతకానికి అర్హత వస్తుంది. అక్కడే, ఆ దేశంలోనే, ‘మెడల్ పరేడ్’ పెట్టి దళాధిపతి వరసగా ఛాతీలకు గుచ్చుతూ వెళతారు.

అన్నీ ఒకే బిళ్ళలైతే సేకరణలో ఆసక్తి ఏముంటుందని అడగవచ్చు. మొదటి రోజుల్లో వచ్చినవి ఒకే బిళ్ళలు కావు. అసలు ఆసక్తి అక్కడే ఉంది.

మొట్టమొదటిది కొరియా పతకం. 1950 డిసెంబరులో సమితి సర్వసభ్య సభ నెలకొల్పింది. దాని రిబ్బను మీద నీలం, తెలుపు చారలు ఒకదాని పక్కన ఒకటి మొత్తం 17 ఉంటాయి. పైన ‘కొరియా’ అని అడ్డంగా ఒక లోహపు పట్టీ. పాల్గొన్న దేశాల భాషల్లో విడివిడిగా ముద్రించారు కాబట్టి గ్రీకు, టర్కీ, థాయి, అమ్హారిక్ భాషల్లో కూడా దొరుకుతుంది. అది యుద్ధానికి ఇచ్చిన పతకం. భారతదేశం ఆ యుద్ధంలోకి తుపాకులు పంపలేదు, వైద్యులను పంపింది. 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ అనే ఆ దళానికి లెఫ్టినెంట్ కర్నల్ ఏ.జి. రంగరాజ్ నాయకుడు. 1951 మార్చి 23న మున్సాన్-ని దగ్గర అమెరికన్ పారాచూట్ సైనికులతోపాటు ఆయన, ఆయన మనుషులు కొందరు వైద్య సామగ్రితో విమానాల నుంచి దూకారు. రంగరాజ్‌కి మహావీర చక్ర వచ్చింది.

యుద్ధం ఆగాక మనవాళ్లు మళ్లీ కొరియా వెళ్లారు. స్వదేశం వెళ్లబోమన్న యుద్ధఖైదీలు ఇరవై వేలకు పైగా ఉన్నారు. వాళ్లను ఏం చేయాలో తేల్చే తటస్థ దేశాల సంఘానికి జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షుడు. ఖైదీలను కాపాడే భారత దళానికి జనరల్ ఎస్.పి.పి. థోరాట్ అధిపతి. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ భారత సైనికులు తన నేల మీద అడుగు పెట్టకూడదని పట్టుబట్టాడు. దాంతో ఇంచన్ రేవులో ఆగిన ఓడల నుంచి మనవాళ్లను హెలికాప్టర్లలో ఎక్కించి, నేల తాకనివ్వకుండా, సైన్యాలు లేని మధ్య ప్రాంతానికి తరలించారు. పని ముగిశాక రెండు కొరియాలకూ చైనాకూ కూడా వెళ్లబోమన్న 88 మంది ఖైదీలు మన దళంతోపాటే భారతదేశానికి వచ్చారు. సంఘర్షణలో ఉన్న రెండు పక్షాలూ అనుమానంగా చూస్తుంటే మధ్యలో నిలబడి నెలల తరబడి నిగ్రహం పాటించడం చిన్న సంగతి కాదు. సైనికుడికి కాల్చడం నేర్పిస్తారు, కాల్చకుండా ఉండటం అంతకన్నా కష్టం. నా దృష్టిలో భారత శాంతి సేవ చరిత్రలో ఇంతటి ఓర్పు మరెక్కడా కనిపించదు. చదువరులకు అన్నిటికన్నా తక్కువ తెలిసిన అధ్యాయం కూడా ఇదే.

తర్వాత ఇండోచైనా. 1954 జెనీవా ఒప్పందం తర్వాత వియత్నాం, లావోస్, కంబోడియాలలో పర్యవేక్షణ సంఘాలు ఏర్పడ్డాయి. భారత్ అధ్యక్ష దేశం, కెనడా, పోలండ్ సభ్యులు. ఇది సమితి పని కాదు, కాబట్టి పతకం వేరు, రిబ్బను వేరు. మూడు సమానమైన చారలు: ముదురు పచ్చ, తెలుపు, ఎరుపు. పచ్చ మనకు గుర్తు, ఎరుపు కెనడా, పోలండ్‌లకు, మధ్యలో తెలుపు శాంతికి. వెనుకవైపు ఇండోచైనా పటం ఉంటుంది. ఈ పతకం చేతికి దొరికితే మాత్రం నేను బేరం ఆడను.

సూయజ్‌కి వెళ్లినవారి పతకం కూడా ప్రత్యేకమే. దాని మీద రెండక్షరాలు కాదు, ‘యు.ఎన్.ఇ.ఎఫ్.’ అని నాలుగు ఉంటాయి. సమితి దళాలన్నిటికీ ఉమ్మడి పతకం 1959లో గానీ రాలేదు, ఇది అంతకు ముందుది. కాంగో దళం 1960లో మొదలైనప్పుడు దానికంటూ రిబ్బను లేదు. పాలస్తీనాలోని సమితి పరిశీలకులకు వాడే నీలం రిబ్బనుకు ‘కాంగో’ అనే పట్టీ తగిలించి ఇచ్చారు. ఇందాక చెప్పిన పచ్చ రిబ్బను 1963లో వచ్చింది. కాబట్టి నీలం రిబ్బనూ, కాంగో పట్టీ కలిసి ఉన్న పతకం కనబడితే అది మొదటి దఫా వెళ్లినవారిది అయ్యుండవచ్చు.

ఇక మన ప్రభుత్వం ఇచ్చే విదేశ సేవా పతకం. దీన్ని 1960లో నెలకొల్పారు. కొరియా, ఇండోచైనా, కాంగో, అప్పట్లో ఐక్య అరబ్ గణరాజ్యమని పిలిచిన ఈజిప్టు, ఇలా సేవ చేసిన దేశం పేరుతో దీనికి పట్టీలు వస్తాయి. సేకర్తకు దీని విలువ ఎక్కడుందంటే, అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. సమితి పతకానికి లేని గొంతు దీనికుంది. రెండూ ఒకే వరసలో కుట్టి ఉంటే పేరున్న పతకం పేరులేని పతకానికి సాక్షి అవుతుంది. ఆ వరసను విడదీసి ఒక్కొక్కటిగా అమ్మే వ్యాపారి పది రూపాయలు ఎక్కువ సంపాదిస్తాడేమో, ఒక మనిషి జీవితాన్ని మాత్రం ముక్కలు చేస్తాడు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఒక వరస గురించి చెబుతాను. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో, ఇత్తడి కుళాయిలు, తాళాలు పోసి ఉన్న గోనెపట్టా మీద కనిపించింది. సైన్య సేవా పతకం, విదేశ సేవా పతకం, చివర సమితి పతకం. చివరి దానికి పచ్చ రిబ్బను, అంటే కాంగో. కానీ బిళ్ళ మీద చూస్తే నాలుగక్షరాలు. అంటే సూయజ్ పతకం. విదేశ సేవా పతకం పట్టీ కూడా అరబ్ గణరాజ్యమనే చెబుతోంది. జరిగిందేమిటో ఊహించడం కష్టం కాదు. పాత రిబ్బను చీకిపోయి ఉంటుంది, ఎవరో అభిమానంతోనే కంటోన్మెంటులో యూనిఫారాలు కుట్టే దుకాణానికి తీసుకెళ్లి ఉంటారు, అక్కడ ఉన్న సమితి రిబ్బను వేసి కుట్టించి ఉంటారు. బిళ్ళ మీద ఆ నాలుగక్షరాలు లేకపోతే, పక్కన పేరున్న పతకం లేకపోతే, గాజాలో పనిచేసిన మనిషి కాంగోకి వెళ్లినట్టు స్థిరపడిపోయేవాడు.

అంచు మీద నంబరు, పేరు, ఆర్మీ సర్వీస్ కోర్ అని ఉన్నాయి. తెలుగు పేరే. ఇక్కడ చెప్పను, అది ఆ కుటుంబానిది. మాజీ సైనికులను అడుగుతూ వెళ్లగా కొన్నాళ్లకు వాళ్ల అబ్బాయి దొరికారు. అబ్బాయంటే ఆయనా రిటైరైన మనిషే. వరసను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. “నాన్నగారు ఈజిప్టు వెళ్లొచ్చారని మాకు తెలుసండీ. ఎందుకెళ్లారు నాన్నా అంటే, కాపలాకి అనేవారు. అంతకుమించి చెప్పలేదు” అన్నారు. ఇల్లు మారినప్పుడు ఆ పెట్టె పాత సామాన్లలో కలిసిపోయిందట.

కాపలాకి. ఆ పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. 1956 నవంబరు నుంచి 1967 వరకు, దాదాపు పదకొండేళ్లు, మన దళాలు ఒకదాని వెంట ఒకటి వెళ్లి ఆ ఇసుకలో గీసిన సరిహద్దు మీద కాపలా కాశాయి. ఆ దళానికి జనరల్ పి.ఎస్. జ్ఞానీ, చివర్లో జనరల్ ఇందర్ జిత్ రిఖీ నాయకత్వం వహించారు. 1967 జూన్‌లో అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధం మొదలయ్యేనాటికి ఇంకా గాజా వదిలి రాలేకపోయిన మన సైనికుల్లో పలువురు ఆ దాడుల్లో చనిపోయారు. వాళ్లది ఎవరి పక్షమూ కాదు. ఇవన్నీ చెబుతుంటే ఆయన విని, పతకాలు ఇంటికి తీసుకెళ్లవచ్చా అని అడిగారు. తీసుకెళ్లారు. సరైన ఇసుక రంగు రిబ్బను సంపాదించి నేనే కుట్టించి ఇచ్చాను. నా దగ్గర వాటి ఫొటోలు ఉన్నాయి, చాలు.

ఇక నకిలీల మాట. సమితి పతకాలను ఒకే టంకసాల తయారు చేయలేదు, వేర్వేరు దేశాల్లో వేర్వేరు కంపెనీలు తయారు చేశాయి. అందుకే అసలైన వాటిలోనే బరువు, రంగు, ఉంగరం తీరు మారుతుంటాయి. దుకాణంలో కొనుక్కోగలిగే నకళ్లూ బోలెడు, ఎందుకంటే సైనికులే ఒక జత పెట్టెలో దాచుకుని, ఒక జత వాడకానికి కొనుక్కుంటారు. అది తప్పు కాదు. అరుదైన దళం రిబ్బను మామూలు బిళ్ళకు తగిలించి ఎక్కువ ధరకు అమ్మడం మాత్రం మోసం. దాన్ని లోహం చూసి పట్టుకోలేం. డిశ్చార్జ్ బుక్కు, పతకం ఇచ్చేటప్పుడు సమితి ఇచ్చిన ధ్రువపత్రం, మెడల్ పరేడ్ ఫొటో, ఇంటికి రాసిన ఉత్తరం, వీటిలో ఒక్కటైనా పక్కన ఉంటే తప్ప విడి సమితి పతకానికి నేను పెద్ద ధర పెట్టను. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు కూడా అదే చెబుతాను.

కాగితం ఎందుకంత ముఖ్యమో సియెర్రాలియోన్ సంగతి చూస్తే తెలుస్తుంది. 2000 సంవత్సరంలో కైలాహున్ అనే ఊళ్లో మన గూర్ఖా సైనికుల రెండు కంపెనీలను తిరుగుబాటుదారులు చుట్టుముట్టారు. రెండు నెలలకు పైగా ఆ ముట్టడిలో ఉండి, జులైలో ‘ఆపరేషన్ ఖుక్రీ’ జరిగినప్పుడు వాళ్లు బయటపడ్డారు. అదే కాలంలో రాజధాని ఫ్రీటౌన్‌లో కార్యాలయంలో కూర్చుని లెక్కలు రాసినవారికీ సమితి ఇచ్చింది అదే పతకం, అదే రిబ్బను. సమితి దృష్టిలో అది న్యాయమే, ఇద్దరూ పంపినచోటుకు వెళ్లారు. కానీ ఎవరు ఎక్కడున్నారో కాగితమే చెప్పాలి. కాంగోలోనూ అంతే. 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో, అంటే ఇప్పటి లుబుంబాషిలో, తనకన్నా ఎన్నో రెట్లున్న సాయుధుల మీదికి కొద్దిమంది గూర్ఖాలతో దూసుకెళ్లి ప్రాణమిచ్చిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియాకు పరమవీర చక్ర వచ్చింది. సమితి శాంతి సేవలో ఆ పురస్కారం పొందినవారు ఆయన ఒక్కరే. ఆయనతోపాటు దూకిన గూర్ఖాల సమితి పతకాలను మాత్రం తక్కిన కాంగో పతకాల మధ్య వేరుచేసి గుర్తుపట్టలేం.

పతకాలను ఇంట్లో ఎలా ఉంచాలి? దయచేసి చింతపండుతో తోమకండి. దీపావళి ముందు ఇత్తడి చెంబులతోపాటు తాతగారి మెడల్స్ కూడా తళతళలాడేలా తోమిన ఇళ్లు చాలా చూశాను. ప్రేమతో చేసే పనే గానీ, ఆ పులుపు లోహం పైపొరను తినేస్తుంది, అంచు మీద సన్నగా చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి, రిబ్బనుకు మరక పట్టి రంగు చెడుతుంది. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. ఎండ తగిలే గోడకు ఫ్రేము కట్టి వేలాడదీస్తే కొన్నేళ్లకు నీలం తెల్లబడుతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో వేస్తే మన కోస్తా ఉక్కకు చెమ్మ పట్టి పచ్చ చిలుము వస్తుంది. నూలుగుడ్డలో చుట్టి, పొడిగా ఉన్న పెట్టెలో, కాగితాలతోపాటు పెట్టండి.

ఎవరూ సేకరించకూడని పతకం ఒకటుంది. సమితి సేవలో ప్రాణాలు కోల్పోయినవారి పేరు మీద 1997లో డాగ్ హామర్‌షెల్డ్ పతకాన్ని నెలకొల్పారు. సమితి ప్రధాన కార్యదర్శిగా ఉంటూ, కాంగో సమస్య పరిష్కారం కోసం వెళుతూ 1961లో విమాన ప్రమాదంలో చనిపోయిన ఆయన పేరే దానికి పెట్టారు. అది రిబ్బనుకు వేలాడేది కాదు. గుడ్డు ఆకారంలో ఉన్న స్ఫటికం, దాని మీద చనిపోయినవారి పేరు, తేదీ ఉంటాయి. వాళ్ల కుటుంబానికి అందజేస్తారు. శాంతి సేవలో ప్రాణాలిచ్చిన భారతీయులు దాదాపు 180 మంది. ఆ స్ఫటికం ఎప్పుడైనా ఏ వేలంలోనైనా కనబడితే, దాన్ని కొనడం సేకర్త పని కాదని, ఆ ఇంటివాళ్లకు కబురు చేరవేయడమే చేయవలసిన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

తెలుగు నేల మీద ఇలాంటి పెట్టెలు ఎన్నో ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో తరాలుగా ఇంటికొకరైనా సైన్యంలో చేరారు. రెండు ప్రపంచ యుద్ధాల పతకాలనైతే ఆ ఇళ్లలో గర్వంగా చూపిస్తారు. వాటి గురించి పుస్తకాల్లో కథలున్నాయి. సమితి పతకాన్ని మాత్రం, ఏదో ఫారిన్ వెళ్లినప్పుడు ఇచ్చింది అని పక్కన పెడతారు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఈ వారమే ఒక పని చేయండి. ఆ తాతగారో, నాన్నగారో బతికుంటే పక్కన కూర్చుని అడగండి: ఏ దేశం, ఏ ఊరు, ఏ ఏడాది, ఏ దళం, పక్కన ఎవరెవరు ఉన్నారు. చెప్పింది చెప్పినట్టు రాసి, కింద తేదీ వేసి, పతకం దగ్గర పెట్టండి. ఆయన లేకపోతే డిశ్చార్జ్ బుక్కు వెతకండి, పొందిన పతకాల పట్టిక అందులో ఉంటుంది. అదీ లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఆ దళం రికార్డు ఆఫీసుకు ఎలా రాయాలో అడగండి. వరసగా కుట్టి ఉన్న పతకాలను అన్నదమ్ములు పంచుకోకండి. ఒకరి దగ్గరే ఉంచి, మిగిలినవాళ్లు ఫొటోలు తీసుకోండి.

నా సేకరణలో లేని పతకాల జాబితా ఒకటి రాసి పెట్టుకున్నాను. అందులో మొదటిది లైబీరియాది. 2007 జనవరిలో మన కేంద్ర రిజర్వు పోలీసు దళం నుంచి వందమందికి పైగా మహిళలు అక్కడికి వెళ్లారు. శాంతి సేవకు పూర్తిగా మహిళలతో ఏర్పడిన పోలీసు దళం ప్రపంచంలో అదే మొదటిది. ఏటా కొత్త జట్లు వెళుతూ 2016 దాకా ఆ పని సాగింది. వాళ్లలో ఒకరికి ఇచ్చిన పతకం, కాగితాలతో సహా, ఇంతవరకు ఏ బజారులోనూ నా కంటపడలేదు. అలా కంటపడకపోవడమే నాకు సంతోషంగా ఉంది. అవి ఇంకా సంపాదించుకున్నవాళ్ల దగ్గరే ఉన్నాయన్నమాట. వాళ్లు ఇప్పుడు నలభై, యాభై ఏళ్ల వయసులో ఉంటారు. వాళ్ల పిల్లలెవరైనా ఈ ప్రసంగం వింటుంటే, అమ్మను అడిగి రాసుకోవడానికి ఇంకా చాలా సమయం ఉంది.